ఆకాశంలో ఇంకెవరైనా ఉంటే? ఒక పాత ప్రశ్న, మన ఊళ్ల మీదుగా

కాస్త పెద్ద పోస్టు, ఆదివారం తీరిగ్గా చదువుకోండి.

పోయిన సమావేశం అయ్యాక టీ తాగుతుంటే, ఇంజనీరింగ్ చదివే మన కుర్రాడొకడు ఒక ప్రశ్న వేశాడు. "అంకుల్, రేపు ఏ గ్రహం మీదో మనుషుల్లాంటి వాళ్లు కనబడితే చర్చిల పని అయిపోయినట్టేనా? బైబిల్లో వాళ్ల ఊసే లేదు కదా?" పక్కనున్న ఇద్దరు నవ్వారు, ఒకాయన ముఖం ముడుచుకున్నాడు. మన సంఘంలో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, గుడికి వెళ్లేవాళ్లున్నారు, ఎక్కడికీ వెళ్లనివాళ్లూ ఉన్నారు. కాబట్టి ఎవరి నమ్మకం గొప్పదో తేల్చే జోలికి నేను పోను. కానీ ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. అందులో కొన్ని మలుపులు మన తెలుగు ఊళ్లలోనే ఉన్నాయి. అది చెప్పాలనిపించింది.

రాబర్ట్‌సన్‌పేటలో కూర్చుని ఆకాశం గురించి మాట్లాడితే ఎవరైనా నవ్వొచ్చు. మన ఊరు పైకి చూసి బతికిన ఊరు కాదు, కిందికి దిగి బతికిన ఊరు. అయినా ఆకాశం నుంచి వచ్చేదాన్ని పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ మన దగ్గరికే వచ్చారు. టాటా పరిశోధన సంస్థ వాళ్లు, జపాన్ ఒసాకా వాళ్లు, ఇంగ్లండ్ డర్హమ్ వాళ్లు కలిసి ఛాంపియన్ రీఫ్‌లోని హీత్‌కోట్ షాఫ్ట్ దగ్గర, నేలకు దాదాపు 2.3 కిలోమీటర్ల లోతులో పరికరాలు పెట్టారు. కాస్మిక్ కిరణాలు మన వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రినోల జాడ 1965లో అక్కడ దొరికింది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో మరో బృందానికీ దొరికింది, అదీ బంగారు గనిలోనే. పైన ఉన్న రాయంతా మిగతా కిరణాలను ఆపేస్తుంది కాబట్టి ఆకాశాన్ని వినడానికి పాతాళమే మంచి చోటైంది. ఇది ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

సరే, ప్రశ్నలోకి వద్దాం. చాలామంది అనుకునేది ఏమిటంటే, చర్చి వాళ్లకు ఈ ఆలోచనే ఎన్నడూ రాలేదని, టెలిస్కోపులు వచ్చాకే ఇబ్బంది మొదలైందని. అసలు కథ వేరు. ఇబ్బంది మొదలైంది ఆకాశం దగ్గర కాదు, భూమికి అవతలి వైపు దగ్గర.

అయిదో శతాబ్దం మొదట్లో అగస్టీన్ 'దేవుని పట్టణం' అనే గ్రంథం రాశాడు. భూమి గుండ్రంగా ఉందనే అనుకుందాం, అటువైపు, అంటే మన పాదాల కింద, మనుషులు ఉంటారా? ఉండరు అన్నాడాయన. కారణం భూగోళం కాదు, వంశం. మనుషులంతా ఒక్క ఆదాము సంతానం. అంత పెద్ద సముద్రం దాటి అవతలికి ఎవరూ పోలేరు. అవతల ఎవరైనా ఉన్నారంటే వాళ్లు ఆదాము పిల్లలు కారన్నమాట. అప్పుడు ఆదాము పాపం వాళ్లకు తగలదు, క్రీస్తు రక్షణా తగలదు. ఆ చిక్కు వద్దు కాబట్టి అక్కడ మనుషులే లేరు. 748లో విర్జిల్ అనే ఐర్లండ్ గురువు భూమి కింద వేరే లోకం, వేరే మనుషులు ఉన్నారని బోధిస్తున్నాడని ఫిర్యాదు వెళ్తే, పోపు జకారియా అది రుజువైతే ఆయన్ను గురుత్వం నుంచి తీసేయమని రాశాడు. తమాషా ఏమిటంటే ఆ విర్జిలే తర్వాత సాల్జ్‌బర్గ్‌కు బిషప్పయ్యాడు, 1233లో పునీతుడిగా ప్రకటించబడ్డాడు కూడా.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. మనవాడు అడిగిన గ్రహాంతర జీవుల ప్రశ్నలో ఉన్న ముడి మొత్తం అప్పుడే ఉంది. మనకు తెలిసిన మందకు బయట ఎవరైనా ఉంటే, వాళ్లు దేవుడి లెక్కలో ఉన్నారా లేదా? గ్రహం పేరు మారింది, అంతే.

1277 మార్చి 7న పారిస్ బిషప్పు ఎతియెన్ తాంపియే 219 వాదాలను నిషేధించాడు. అందులో ఒకటి, దేవుడు ఒక్క లోకం కంటే ఎక్కువ చేయలేడన్న వాదం. అరిస్టాటిల్‌ను నమ్మిన పండితులు లోకం ఒక్కటే, ఇంకోటి అసాధ్యం అనేవారు. దేవుడికి అసాధ్యం అనడానికి మీరెవరు అన్నాడు బిషప్పు. లోకాలు అనేకం ఉన్నాయని ఆయన చెప్పలేదు, ఉండకూడదని చెప్పడం తప్పన్నాడు. తలుపు అక్కడ కొంచెం తెరుచుకుంది. 1440లో నికోలస్ కూసా అనే జర్మన్ పండితుడు నక్షత్రాల మీద, చంద్రుడి మీద, సూర్యుడి మీద కూడా నివాసులు ఉండొచ్చని రాశాడు. ఆయన్ను ఎవరూ కాల్చలేదు సరికదా, కొన్నేళ్లకు కార్డినల్‌ను చేశారు.

మరి బ్రూనో? 1600 ఫిబ్రవరి 17న రోము నగరంలో జొర్దానో బ్రూనోను బతికుండగా కాల్చారు. లెక్కలేనన్ని లోకాలున్నాయన్నందుకే చంపారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆయన మీద మోపిన నేరాల్లో అదొకటి. త్రిత్వాన్నీ, క్రీస్తు దైవత్వాన్నీ కాదన్నాడనేవి మరికొన్ని. ఏ నేరానికైనా మనిషిని కాల్చడం దుర్మార్గమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కూసా కథ వదిలేసి బ్రూనో కథ ఒక్కటే చెబితే చరిత్ర సగమే చెప్పినట్టు.

ఈ మధ్యలో 1492 వచ్చింది. అగస్టీన్ లేరన్న చోట నిజంగానే మనుషులు కనబడ్డారు. అమెరికాలో దిగిన స్పెయిన్ వాళ్లలో చాలామంది వాళ్లను పశువుల్లాగే పని చేయించారు. వీళ్లకు ఆత్మ ఉందా, విశ్వాసం అర్థమయ్యే బుద్ధి ఉందా అని వాదించినవాళ్లున్నారు. 1537లో పోపు మూడో పౌలు ఒక శాసనం వెలువరించాల్సి వచ్చింది. వాళ్లు నిజమైన మనుషులే, వాళ్ల స్వేచ్ఛను, ఆస్తిని లాక్కోకూడదు అని. దోపిడీ దానితో ఆగలేదు. అయినా, మనిషిని మనిషే అని కాగితం మీద రాసి ముద్ర వేయాల్సిన పరిస్థితి వచ్చిందంటే ఆలోచించండి.

ఇప్పుడు అసలు ముడి. క్రైస్తవానికి గ్రహాంతర జీవులతో చిక్కు సృష్టి దగ్గర లేదు. దేవుడు ఇన్ని నక్షత్రాలు చేశాడంటే ఇంకో నాలుగు చోట్ల ప్రాణం పోశాడనడానికి ఏ విశ్వాసికీ కష్టం లేదు. చిక్కంతా సిలువ దగ్గర. దేవుడు ఒక్కసారి, ఒక్క ఊళ్లో, ఒక్క మనిషిగా పుట్టి చనిపోయాడు అన్నది ఆ మతానికి గుండెకాయ. మరి వేరే లోకాల వాళ్ల సంగతి? 1463లో చనిపోయిన విలియం వొరిలాంగ్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి దీన్ని సూటిగానే అడిగాడు. వాళ్లు ఆదాము సంతానం కారు కాబట్టి ఆ పాపం వాళ్లకు అంటదు. ఒకవేళ రక్షణ కావాల్సి వచ్చినా ఇక్కడి మరణమే ఎన్ని లోకాలకైనా చాలు, క్రీస్తు ఇంకో లోకానికి వెళ్లి మళ్లీ చనిపోవడం తగదు అన్నాడు. లూథర్ సహచరుడు మెలాంక్తన్ 1549లో దీన్నే తిరగేశాడు. క్రీస్తు చనిపోయింది ఒక్కసారే, కాబట్టి వేరే లోకాలున్నాయని ఊహించనే కూడదు అని.

ఆ "ఒక్కసారే" అన్న మాట మన దేశంలో ఇంకా బరువైనది. యూరప్ పండితుడికి అనేక అవతారాలు అన్నది పుస్తకంలో ఊహ. మనకు గోడ మీది క్యాలెండర్. దశావతారాలు విని పెరిగిన ఊళ్లో సువార్త చెప్పడానికి వచ్చిన ప్రతి బోధకుడికీ మొదటి రోజే ఎదురైన ప్రశ్న ఇది: మీ యేసు ఇంకో అవతారమా? కాదు, ఇది ఒక్కసారే జరిగింది అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నారు వాళ్లు. అలాంటి చోట, వేరే గ్రహం మీద దేవుడు వేరే రూపం ఎత్తి ఉండొచ్చు అంటే ఇంగ్లండ్ విశ్వాసి కంటే తెలుగు విశ్వాసి ఎక్కువ ఉలిక్కిపడతాడని నా అనుమానం. ఇంకోవైపు లోకాలు అనేకం అన్న మాట మాత్రం మనకు పుట్టుకతో వచ్చింది. పద్నాలుగు లోకాలు లెక్కపెట్టిన భాష మనది. దేవుడు లోకాన్ని ప్రేమించాడు అని యోహాను రాసిన చోట గ్రీకు పదం కాస్మోస్. మనవాళ్లు దాన్ని లోకం అన్నారు. ఏకవచనమే, కానీ తెలుగు చెవికి ఆ పదం వెనకాల మిగతా పదమూడు వినబడకుండా ఉంటాయా?

ఈ ముడిని క్రైస్తవం మీద ఆయుధంగా వాడింది థామస్ పెయిన్. 1794లో వచ్చిన పుస్తకంలో, లోకాలు అనేకం అని నమ్మేవాడు క్రైస్తవాన్ని కూడా నమ్మలేడు, రెండూ ఒక్క బుర్రలో ఇమడవు అన్నాడు. మన కుర్రాడి ప్రశ్న అదే, రెండు వందల ఏళ్లకు పైగా వయసున్నది. దానికి జవాబు గ్లాస్గోలో వచ్చింది. థామస్ చామర్స్ అనే పాస్టరు గురువారం మధ్యాహ్నాలు ఖగోళశాస్త్రం మీద ప్రసంగాలు చేస్తుంటే, దుకాణాల వాళ్లు పని ఆపి వచ్చి వినేవారట. 1817లో పుస్తకంగా వస్తే వేల ప్రతులు అమ్ముడుపోయాయి. ఆయన జవాబు నాకు ఇష్టం. టెలిస్కోపు చూసి దేవుడికి మనమెక్కడ కనబడతాం అని బెంగపడేవాడు మైక్రోస్కోపు కూడా చూడాలి, ఒక్క నీటిచుక్కలో ఎంత శ్రద్ధ పెట్టాడో తెలుస్తుంది అన్నాడు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి తొంభై తొమ్మిదిని వదిలి వెళ్లిన కథ ఉంది కదా, ఆ ఒక్క గొర్రె మన భూమే అయి ఉండొచ్చుగా? మిగతా లోకాలు తప్పిపోనే లేదేమో!

ఈ చామర్స్ దగ్గర చదువుకున్న అలెగ్జాండర్ డఫ్ 1830లో కలకత్తాకు వచ్చాడు. అదే స్కాట్లండ్ మిషన్ వాళ్లు 1837లో మద్రాసులో పెట్టిన బడే పెరిగి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివింది అక్కడే. టెలిస్కోపుకు భయపడని క్రైస్తవం మన వైపుకు వచ్చిన దారుల్లో అదొకటి.

చామర్స్‌తో అందరూ ఏకీభవించలేదు. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ పెద్ద విలియం హ్యూవెల్ 1853లో పేరు వేసుకోకుండా ఒక పుస్తకం రాసి, మనిషి ఒక్కడే, మిగతా చోట్ల ఎవరూ లేరు అని వాదించాడు. మరుసటి ఏడాదే డేవిడ్ బ్రూస్టర్ అనే మరో భక్తుడైన శాస్త్రవేత్త కోపంగా జవాబు రాశాడు. అనంత విశ్వంలో ట్రినిటీ కాలేజీ పెద్దను మించినవాడు లేడని నిరూపించడానికే హ్యూవెల్ ఇంత రాశాడని అప్పట్లో జోకు. ఇద్దరూ క్రైస్తవులే అని గుర్తుంచుకోండి.

ఇక మన ఊళ్లు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చి కూర్చున్నాడు. అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరులో అడుగుపెట్టిన 26 ఏళ్లకు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును విడగొట్టి చూస్తే అందులో హైడ్రోజన్ ఉందని తేలింది. ఆ గ్రహణంలో కనబడిన పసుపుపచ్చటి గీత ఒకటి ఎవరికీ అంతుబట్టలేదు. అదే తర్వాత హీలియం అయింది. భూమి మీద ఉన్న సరుకే ఆకాశంలోనూ ఉందన్నమాట. అదే కాలంలో రోములో నక్షత్రాల వెలుగును విడగొట్టి జాతులుగా వర్గీకరించినవాడు ఆంజెలో సెక్కి, జెస్విట్ ఫాదర్. అంత విశాలమైన ఆకాశాన్ని ఖాళీ ఎడారి అనుకోవడం అర్థం లేని పని అని ఆ ఫాదర్ బాహాటంగానే రాశాడు. ఆయన్నూ ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశపటం పని. ఆకాశాన్ని ముక్కలు చేసి ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో ముక్క పంచారు. ఒక ముక్క వాటికన్‌కు, ఒక ముక్క తర్వాత హైదరాబాదు నిజామియాకు వచ్చింది. వాటికన్ ముక్కలో నాలుగు లక్షల ఎనభై వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది నలుగురు మఠకన్యలు, 1910 నుంచి 1921 దాకా. ఇక్కడ నిజాం జీతం మీద మనవాళ్లు, అక్కడ జపమాలతో వాళ్లు, ఒకే పుస్తకానికి లెక్కలు రాశారు. ఆ నలుగురి పేర్లు చాలాకాలం ఎవరికీ పట్టలేదు: ఎమిలియా పొంజోని, రెజీనా కొలంబో, కొంచెత్తా ఫినార్ది, లుయీజియా పాంచేరి.

జీవం వెతికే పని కూడా హైదరాబాదుకు వచ్చింది. టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 2001లో ఒకసారి, 2005 ఏప్రిల్‌లో మరోసారి పెద్ద బెలూన్లు ఎగరేసి 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి పట్టుకొచ్చారు. ఖగోళ శాస్త్రవేత్త నార్లీకర్ దీనికి ముందు నిలిచారు. రెండోసారి తెచ్చిన గాలిలో మూడు కొత్త బ్యాక్టీరియాలు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. ఇవి బయటి నుంచే వచ్చాయని దీనితో తేలిపోలేదని ఇస్రోనే నిజాయితీగా చెప్పింది. పేపర్లు మాత్రం "గ్రహాంతర జీవులు" అని వేసేశాయి, మామూలే.

మన గనివాళ్లకు ఇంకా దగ్గరి కబురు దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ బంగారు గనిది. అక్కడ 2.8 కిలోమీటర్ల లోతులో, రాతి పగుళ్ల నీళ్లలో, ఎండ పొడ తెలియని ఒక బ్యాక్టీరియా దాదాపు ఒంటరిగా బతుకుతోందని 2008లో ప్రచురించారు. రాతిలోని యురేనియం నీటిని విడగొడితే వచ్చే హైడ్రోజనే దానికి ఆధారం. సూర్యుడు లేకుండా అంత లోతులో బతకగలిగితే అంగారకుడి రాతి కింద మాత్రం ఎందుకు బతకకూడదు అన్నది శాస్త్రవేత్తల ఆశ. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లు దాటి దిగిన గని. ఆ లోతు వేడి, చీకటి ఏమిటో మన పెద్దలకు ఒకరు చెప్పక్కర్లేదు.

అయితే బ్యాక్టీరియా దొరికితే ఏ పాస్టరుగారికీ నిద్ర పాడవదు. దానికి పాపమూ లేదు, పశ్చాత్తాపమూ లేదు. చిక్కు వచ్చేది మంచిచెడ్డలు తెలిసినవాడు ఎదురైతేనే. ఆ విషయంలో వాదన ఇప్పటికీ తెగలేదు. ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త మిల్న్ చనిపోయాక 1952లో వచ్చిన ఆయన పుస్తకంలో, అవతారం ఒక్కటే, వేరే గ్రహాలకు సువార్త రేడియో తరంగాల మీద పంపవచ్చు అని ఉంది. నాలుగేళ్లకు మాస్కల్ అనే ఆంగ్లికన్ గురువు, దేవుడు అక్కడ వాళ్లలో ఒకడిగా పుట్టకూడదని ఎక్కడుంది అన్నాడు. ఒక దైవ వ్యక్తి ఒకటి కంటే ఎక్కువ మానవ స్వభావాలు ధరించగలడని పదమూడో శతాబ్దంలోనే అక్వినాస్ ఒప్పుకున్నాడు మరి. నన్నడిగితే మాస్కల్ వాదనే బలమైనది. రేడియో సువార్త నాకు నవ్వు తెప్పిస్తుంది. లక్ష కాంతి సంవత్సరాల అవతల ఉన్నవాడు మన కబురు కోసం లక్ష ఏళ్లు కాచుకోవాలా?

2008లో వాటికన్ అబ్జర్వేటరీ అధిపతి ఫాదర్ ఫ్యూనెస్ తమ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో మళ్లీ చామర్స్ గొర్రెనే తెచ్చారు. తప్పిపోయింది మనమే కావచ్చు, వాళ్లు దేవుడితో స్నేహంగానే ఉండి ఉండొచ్చు అని. 2014 మే 12న పోపు ఫ్రాన్సిస్ ఉదయపు పూజలో, రేపు అంగారకుడి నుంచి పచ్చటి ఒళ్లు, పొడుగు ముక్కు, పెద్ద చెవులతో ఒకడు వచ్చి బాప్తిస్మం ఇవ్వమంటే ఏం చేస్తారు అని అడిగారు. ప్రపంచమంతా పోపుగారు ఏలియన్ల గురించి మాట్లాడారని రాసింది. ఆయన మాట్లాడింది ఏలియన్ల గురించి కానే కాదు. ఆ రోజు వాక్యం, పేతురు సున్నతి లేనివాళ్ల ఇంట్లో భోంచేశాడని యెరూషలేములో పెద్ద గొడవైన ఘట్టం.

ఆ గొడవ తెలుగునేల మీద కూడా జరిగింది. 1866లో అమెరికన్ బాప్టిస్టు క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. ఆ తొలి రోజుల్లోనే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తనకు తానుగా వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. తమ పిల్లల్ని మిషన్ బడికి పంపుతున్న పైకులాల వాళ్లు కబురు పెట్టారు: వాళ్లను చేర్చుకుంటే మేము రాము. క్లౌ, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల పత్రికలో ఒకే భాగం తగిలిందని, లోకం నీచమన్నవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడన్న భాగమని, ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. మాదిగలను ఉంచుకున్నాడు, బడి పిల్లల్ని పోగొట్టుకున్నాడు. అక్కడ వేరే గ్రహం అవసరం లేకపోయింది. ఊరికీ పల్లెకూ మధ్య ఉన్న ఒక్క బాట చాలింది. కొన్ని ఊళ్లలో సమాధుల తోటలు ఇప్పటికీ కులానికొకటిగా ఉన్నాయి, దాని గురించి ఇంకోసారి.

వాటికన్‌లో ఫ్యూనెస్ తర్వాత వచ్చిన బ్రదర్ కొన్సల్మాన్యోను విలేకరులు ఎప్పుడూ ఒకటే అడిగేవారు, ఏలియన్‌కు బాప్తిస్మం ఇస్తారా అని. ఆయన 2014లో ఆ పేరుతోనే ఒక పుస్తకం వేశాడు. ఆయన జవాబు చిన్నది: ఆమె అడిగితేనే.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పని తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారనే మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు, ఇళ్లకు వెళ్లండి అన్నాడు. వాళ్లు వెళ్లలేదు. మాకు కూలి వద్దు, బాప్తిస్మం ఇమ్మని గుండ్లకమ్మ దగ్గర కూర్చున్నారు. 1878 జూలై 3న ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఏట్లో నిలబడ్డారు. పొద్దుగూకే సరికి లెక్క 2,222.